కర్నల్ లేని యుద్ధం

గెర్లోఫ్ ఆ పొద్దున రాగిరేకును పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకొచ్చి అక్క ముందు బల్ల మీద పెట్టాడు. పెద్ద రేకు. మందంగా ఉంది. ముఖం చూసుకునేంతగా తోమి ఉంది. హార్లెమ్‌లో అచ్చుబొమ్మలు వేసేవాళ్ళు వీధికొకరున్నారు గానీ, అలాంటి రాగి ఎవరి కొట్టుకీ రోజూ రాదు.

"ఎవరు పంపారు?" అంది టాన్నెకె, వేలి కొసతో అంచు తడుముతూ.

"కర్నల్ ఫాన్ హెల్మ్‌స్టర్ దొర. హేగ్ నుంచి మనిషినిచ్చి మరీ పంపించాడు. సరిహద్దులో ఏదో కోట పెత్తనం ఆయనకి ఇచ్చే మాట నడుస్తోందట. ఈలోగా అక్కడి పెద్దమనుషులకి తలా ఒక బొమ్మ పంచిపెట్టాలని ఆయన కోరిక. తను గెలిచిన యుద్ధం బొమ్మ."

"ఏ యుద్ధం?"

గెర్లోఫ్ కిటికీ దగ్గర తీగ మీద ఆరేసిన కాగితాలను అక్కర్లేకపోయినా సర్దాడు. "క్రావెన్‌వీర్ గట్టు" అన్నాడు చివరికి, గోడతో చెబుతున్నట్టు.

టాన్నెకె వేలు రాగి అంచు మీదే ఆగిపోయింది. ఆ గట్టు పక్కన కాలువలోనే ఆమె మొగుడు యెల్లె చచ్చిపోయాడు.

వాళ్ళ నాన్న ఈ కొట్టులోనే యుద్ధాల బొమ్మలు వేసి ఇల్లు నడిపాడు. రాగి మీద మైనం పూయడం, పొగ పట్టించడం, సూదితో గీయడం, ఆమ్లం పోసి గీత పడినచోట రాగిని కరిగించడం — ఇవన్నీ టాన్నెకె ఆయన మోకాలి పక్కన కూర్చుని నేర్చుకుంది. తర్వాత ఊళ్ళోకి పటాలం వచ్చింది. ఫ్రీస్‌లాండ్ నుంచి వచ్చిన యెల్లె అనే ఈటెగాడు వచ్చాడు. నాన్న వద్దన్నా వినకుండా ఆమె అతని వెంట వెళ్ళిపోయింది. సైన్యం వెనక బండిలో బీరు పీపా పెట్టుకుని, సిపాయిల చొక్కాలు ఉతుకుతూ, గుడారాల్లో ఏళ్ళకేళ్ళు బతికింది. యెల్లె పోయాక బట్టల మూట ఒకటి చంకన పెట్టుకుని తిరిగి వచ్చేసరికి నాన్న లేడు. తమ్ముడు మాత్రం తలుపు తీసి, ఒక్క మాట అడక్కుండా పొయ్యి మీద బఠాణీ సూపు వేడిచేశాడు.

గెర్లోఫ్‌కి అచ్చుయంత్రం ముందు తిరుగులేదు. సూది పడితే మాత్రం అతను గీసిన గుర్రం బల్లలా ఉండేది. అందుకని టాన్నెకె గీసేది, అతను అచ్చువేసేవాడు, అడుగున అతని పేరు పడేది. వీధి వీధంతా ఎరుగును, ఎవరూ పైకి అనరు. టాన్నెకె కూడా పట్టించుకోలేదు. పేరు ఎవరిదైతేనేం, ఇద్దరి గిన్నెల్లోనూ అదే సూపు కదా అనుకునేది.

"నాన్న పాత నమూనా ఉందిగా" అన్నాడు గెర్లోఫ్, ఇక లాభం లేదని అక్క వైపు తిరిగి. "ముందు కాళ్ళు పైకెత్తిన తెల్ల గుర్రం. దాని కింద స్పెయిన్ వాడొకడు వెల్లకిలా. వెనక కాస్త పొగ, నాలుగు జెండాలు. ముఖం ఒక్కటి మారిస్తే చాలు. దొర ముక్కు పొడుగట. ముక్కు మర్చిపోవద్దని ప్రత్యేకంగా చెప్పి పంపాడు."

"ఆ ముక్కు నేనెలా మర్చిపోతాను?" అంది టాన్నెకె.

"నీకు కష్టంగా ఉంటే చెప్పు అక్కా. నేనే ఎలాగో..."

"నువ్వు గీస్తే దొర బల్ల ఎక్కి యుద్ధం చేసినట్టుంటుంది. వద్దులే, నేనే గీస్తాను. కాకపోతే ఒక్క మాట. ఆమ్లంలోంచి బయటికి తీసేదాకా నువ్వు దీని జోలికి రాకూడదు."

"ఎందుకూ?"

"చూశావంటే నీకు కంటి మీద కునుకు ఉండదు."

అక్క దుఃఖం అక్కదని గెర్లోఫ్ తన యంత్రం దగ్గరికి వెళ్ళిపోయాడు.

యంత్రం చక్రం తిప్పే రొంబౌట్‌ని మాత్రం ఆమె రానిచ్చింది. రొంబౌట్ ఒకప్పుడు యెల్లె ఉన్న దళంలో డోలు వాయించేవాడు. ఎడమ చెయ్యి ఆ గట్టు మీదే పోయింది. మిగిలిన చేత్తో, ఒక కాలితో తన్నుతూ, ఆ భారీ చక్రాన్ని ఇద్దరు తిప్పినట్టు తిప్పేవాడు. యెల్లెని అన్న అనేవాడు కాబట్టి టాన్నెకెని వదినా అని పిలిచేవాడు.

మైనం నల్లబరిచిన రేకు మీద సూది కదిలిన చోటల్లా ఎర్రటి రాగి గీత మెరుస్తోంది. రొంబౌట్ రొట్టె ముక్క నములుతూ వెనకనుంచి తొంగిచూశాడు. చూస్తూ చూస్తూ నమలడం ఆపేశాడు.

"గాలిమర ఎడమపక్క కదా వదినా ఉండాల్సింది?"

"అచ్చులో ఎడమకే వస్తుంది. రాగి మీద అన్నీ తిరగేసి గీయాలి. ఇన్నాళ్ళు ఇక్కడ పనిచేసి ఇదా నువ్వు నేర్చుకుంది?"

"నేను చక్రం తిప్పేవాణ్ణి. నా బుర్ర తిప్పడం నీ పని." రొట్టె ముక్క పక్కన పెట్టి, "ఆ పొద్దున మంచు గుర్తుందా?" అన్నాడు.

ఆమెకు గుర్తులేని క్షణం లేదు. రెండు బండ్లు ఎదురుపడితే తప్పుకోలేనంత సన్నటి గట్టు అది. అటు చివర స్పెయిన్ వాళ్ళ కోట, దాని ముందు ఫిరంగులు. మంచులో ఏమీ కనబడకుండానే ఈటెగాళ్ళను ఆ గట్టు మీదుగా నేరుగా నడవమన్నాడు కర్నల్. ముందు వరస పడిపోయింది. దాని మీదుగా నడిచిన వరస కూడా పడిపోయింది. వెనక్కి రమ్మని డోలు వాయించమంటారా అని అడిగి రమ్మని దళనాయకుడు రొంబౌట్‌ని పరుగెత్తించాడు. కర్నల్ గాలిమర దిబ్బ మీద దుర్భిణి పట్టుకుని, ఇంకో చేత్తో ఉడికించిన గుడ్డు తింటున్నాడు. "నడవమను" అన్నాడంతే. రొంబౌట్ ఆ మాట మోసుకుని తిరిగి గట్టెక్కాడు, చెయ్యి పోగొట్టుకున్నాడు. ఇక చావు ఎలాగూ తప్పదనుకున్న యెల్లె, మరికొందరు, ఎవరూ చెప్పకుండానే కాలువలోకి దూకి, ఛాతీ లోతు నీళ్ళు చీల్చుకుంటూ పక్కనుంచి ఫిరంగుల మీద పడ్డారు. యుద్ధం గెలిచింది వాళ్ళు. కర్నల్ అంతా అయ్యాక గుర్రమెక్కి వచ్చి, ఆ కోట తాళాలు అందుకున్నాడు. టాన్నెకె, తక్కిన ఆడవాళ్ళు ఒక రైతు పాకలోంచి నిచ్చెన పట్టుకొచ్చి, దాని మీద వేసి కాలువలోంచి గాయపడ్డవాళ్ళను లాగారు. యెల్లెని లాగినప్పుడు అతను బతికే ఉన్నాడు. ఒడ్డుకు చేర్చేసరికి లేడు.

ఆమె గీసింది ఇదంతా. గట్టు మీద విరిగిన ఈటెలు, ఒకరి మీద ఒకరు పడిన మనుషులు, నీళ్ళలో తలలు, నిచ్చెన పట్టిన ఆడవాళ్ళు, ఎవరిదో తెలియని కుక్క. దూరంగా, దిబ్బ మీద గాలిమర.

రేకు ఆమ్లంలోంచి తీసి, మైనం కడిగి, మొదటి అచ్చు లాగిన రోజున గెర్లోఫ్‌ని పిలిచింది. తడి కాగితాన్ని మూలలు పట్టుకుని ఎత్తాడు. పైనుంచి కింది దాకా చూశాడు. మళ్ళీ కిందనుంచి పైదాకా చూశాడు.

"అక్కా, దొర ఎక్కడ?"

టాన్నెకె సూది కొసతో గాలిమర పక్కన చూపించింది.

"అదా? అది ఈగ రెట్ట అనుకున్నాను."

రొంబౌట్ చక్రం మీద తలపెట్టి నవ్వాడు. గెర్లోఫ్‌కి నవ్వు రాలేదు. ముఖం పాలిపోయింది.

"ముక్కు కూడా పెట్టాను. దగ్గరగా చూడు" అంది టాన్నెకె.

ఇంకొక అచ్చు లాగేలోపే వీధిలో గుర్రాల చప్పుడైంది. ఆ రేకు ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని కర్నల్ స్వయంగా దిగాడు. మనిషి ముసలివాడయ్యాడు గానీ ముక్కు అలాగే ఉంది. లేసు కాలరు, పసుపు తోలు చేతొడుగులు. కొట్టులో సిరా వాసనకు మొహం చిట్లించి, బల్ల మీది కాగితాన్ని చేతొడుగు తీయకుండానే అందుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"దీన్ని ఎవరు గీశారు?"

అడుగున గెర్లోఫ్ పేరే ఉంది.

"నేను" అంది టాన్నెకె.

కర్నల్ ఆమెను ఎగాదిగా చూశాడు. "ఆడదానివి. యుద్ధం గురించి నీకేం తెలుసు?"

"మీ పటాలం చొక్కాలు ఉతికాను దొరగారూ. క్రావెన్‌వీర్ గట్టు మర్నాడు కూడా ఉతికాను. ఎవరి చొక్కా ఎక్కడ చిరిగిందో, ఎంత రక్తం ఉందో నా చేతులకి తెలుసు. మీ చొక్కా కూడా ఉంది అందులో. గుడ్డు సొన మరక తప్ప ఇంకేం లేదు."

కర్నల్ దవడ బిగిసింది. గొంతు మాత్రం పెంచలేదు. అలా గొంతు పెంచకుండా మాట్లాడే మనుషుల దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని టాన్నెకె గుడారాల్లోనే నేర్చుకుంది.

"ఇందులో నేను ముందుండాలి. గుర్రం మీద, ఇక్కడ" అని బొమ్మ మధ్యలో చేతొడుగు వేలు ఆనించాడు. తడి సిరా అంటుకుంది. "ఈ శవాలు, ఈ నిచ్చెన, ఈ ఆడమంద, ఏదీ ఉండకూడదు. ఆదివారం ప్రార్థనకు ఇక్కడే ఉంటాను. సోమవారం వస్తాను." తలుపు దగ్గర ఆగి గెర్లోఫ్ వైపు చూశాడు. "బయట బోర్డు మీద పేరు నీదేగా?"

గుర్రాలు వీధి మలుపు తిరిగాయో లేదో గెర్లోఫ్ అక్క మీద విరుచుకుపడ్డాడు.

"నీకేం, నోటికొచ్చింది అనేశావు! చొక్కాట, గుడ్డట! ఆయన తలుచుకుంటే రేపు ఈ కొట్టుకి కాగితం అమ్మేవాడు ఉండడు. నాకు పిల్లలున్నారు అక్కా! నీ కోపం వాళ్ళ తిండి మీద తీర్చుకుంటావా?"

"అరవకు. నువ్వన్నది నిజమే."

ఆమె అలా ఒప్పుకునేసరికి గెర్లోఫ్ పీట మీద కూలబడ్డాడు.

టాన్నెకె రేకును దగ్గరకు లాక్కుంది. ఆమెకు భయం లేదని కాదు. గట్టు దగ్గర నిచ్చెన పట్టినప్పుడూ ఇలాగే ఉండింది. "ఇలా చూడు" అని తమ్ముడిని పిలిచింది. "ఆయన తనని ముందుకు తెమ్మన్నాడు. ముందు చోటుందా? ఒక గుర్రం పట్టాలంటే ఇక్కడున్న మనుషుల్ని ఒక్కొక్కణ్ణీ గీకెయ్యాలి. ఎవర్ని గీకెయ్యమంటావో నువ్వు చెప్పు. ఇతన్నా? ఇతను వ్లిసింగెన్ వాడు, రాత్రుళ్ళు నక్షత్రాల పేర్లు చెప్పేవాడు. ఇతన్నా? లేకపోతే ఇతన్నా?"

ఆమె వేలు నీళ్ళలోంచి ఒక చెయ్యి పైకెత్తి ఫిరంగి చక్రం పట్టుకుంటున్న మనిషి మీద ఆగింది. గెర్లోఫ్ వంగి చూశాడు. బావ ముఖం అతను ఒక్కసారే చూశాడు, అదీ చిన్నతనంలో. అయినా పోల్చుకున్నాడు.

"ఇన్నాళ్ళలో నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు నువ్వు" అన్నాడు.

"నువ్వు అడగలేదు. అడగనందుకే నీ ఇంట్లో ఉండగలిగాను."

తర్వాత ఆమె గీకుడు కత్తి తీసి, రేకు అడుగున ఉన్న గెర్లోఫ్ పేరును చెరిపేసింది. ఆ చోటును ఉక్కు పనిముట్టుతో రుద్ది నునుపు చేసి, తిరగేసిన అక్షరాలతో తన పేరు చెక్కింది.

"ఇదెందుకు? ఇది నేను అడగలేదు" అన్నాడు గెర్లోఫ్.

"ఏదన్నా వస్తే నా మీదికి రానీ. బోర్డు నీది, బొమ్మ నాది."

రొంబౌట్ అడిగాడు: "మరి దొర సంగతి వదినా? సోమవారం ఏం చూపిస్తావు?"

"ఉన్నచోటు ఆయనకి నచ్చలేదు. ఆయన అడిగిన చోట ఖాళీ లేదు." టాన్నెకె గాలిమర దిబ్బ మీదికి కత్తి తిప్పింది. దుర్భిణి, గుర్రం, ముక్కు అన్నీ కలిపి గీకడానికి పెద్దసేపు పట్టలేదు. రేకు వెనకనుంచి చిన్న సుత్తితో మెల్లగా కొట్టి పల్లాన్ని సరిచేసింది, ఆ చోట ఖాళీ దిబ్బ మీద గడ్డి గీసింది. "అందుకని పంపించేశాను."

శనివారం సంతకు వచ్చే జనం కళ్ళబడేలా కొత్తగా లాగిన అచ్చును ఆమె కిటికీలో వేలాడదీసింది. గెర్లోఫ్ చూడనట్టు తన పని చేసుకున్నాడు. మొదట ఒక చేపలమ్మి ఆగింది. తర్వాత కుంటుతూ పోయే ఒకతను ఆగి, కిటికీకి ముక్కు ఆనించి, "ఇది మా గట్టే!" అని కేకపెట్టాడు. మధ్యాహ్నానికల్లా వీధిలో బండి నడిచే దారి లేదు. సారా దుకాణాల్లోంచి, నేతశాలల్లోంచి పాత సిపాయిలు వచ్చారు. చంకకర్రలవాళ్ళు, ఒంటికన్నువాళ్ళు. "ఇదిగో మా హార్మెన్ టోపీ." "ఆ కుక్క నా రొట్టె ఎత్తుకుపోయిందిరా!" "కర్నల్ ఎక్కడా?" "మనతో ఎప్పుడున్నాడని బొమ్మలో ఉంటాడు?" అంటూ నవ్వుకున్నారు, కొందరు టోపీలు తీసి నిలబడ్డారు.

సోమవారం కర్నల్ వచ్చేసరికి ఇంకా కొంతమంది కిటికీ దగ్గరే ఉన్నారు. ఆయన బొమ్మ మధ్యలో వెతికాడు. గాలిమర దగ్గర వెతికాడు. లోపలికి రాలేదు. నేరుగా నగర సభా భవనానికి వెళ్ళి, తన గౌరవానికి భంగం కలిగించారని ఫిర్యాదు చేశాడు.

టాన్నెకెను పిలిపించారు. రేకు వెంట తెమ్మన్నారు. ఆమె వెనక గెర్లోఫ్, రొంబౌట్ వెళ్ళారు, వాళ్ళ వెనక పిలవని సిపాయిలు బిలబిలమంటూ వెళ్ళి సభ గోడ పొడవునా నిలబడ్డారు. నల్లకోటు వేసుకున్న వృద్ధ న్యాయాధికారి కళ్ళద్దాలు సర్దుకుని బొమ్మను పరీక్షగా చూశాడు.

"ఇందులో అబద్ధం ఏముంది కర్నల్‌గారూ?"

"నేను లేను! అదే అబద్ధం. ఆ యుద్ధం నడిపింది నేను."

"మొదటి అచ్చులో మీరు ఉన్నారని విన్నానే?"

"ఉన్నాను. ఎక్కడో మూల, గాలిమర దగ్గర, చీమంత."

"అయితే మీరు గాలిమర దగ్గర లేరంటారా?"

కర్నల్ జవాబు చెప్పబోయి గోడవైపు చూశాడు. గోడ పొడవునా నిలబడ్డ మనుషులు ఆయన్నే చూస్తున్నారు.

"ఆ పొద్దున మంచు ఎక్కువగా ఉంది. ఎవరెక్కడున్నారో చెప్పడం కష్టం" అన్నాడు.

"నీ గుడ్డు నీకు కనబడిందిగా!" అని గోడ దగ్గరనుంచి ఎవరో అరిచారు. సభ ఘొల్లుమంది. న్యాయాధికారి బల్ల మీద కొట్టి నవ్వు ఆపించాడు, తనూ పెదవి బిగబట్టుకుని. టాన్నెకెను అడిగాడు: "నువ్వేమంటావమ్మా?"

"ఆయన్ని ఉన్నచోట పెడితే కోపం వచ్చింది, తీసేస్తే కోపం వచ్చింది. లేనిచోట పెట్టడం నాకు రాదండీ."

న్యాయాధికారి కాసేపు పక్కవాళ్ళతో గుసగుసలాడాడు. "బొమ్మలో అబద్ధం ఉందని నేను చెప్పలేను" అన్నాడు చివరికి. గోడ దగ్గర చప్పట్లు మొదలయ్యాయి. ఆయన చెయ్యెత్తాడు. "కానీ రాగి కర్నల్‌గారిది. పని చేయించుకున్నదీ ఆయనే. రేకు ఆయన సొత్తు. ఏం చేసుకుంటారో ఆయన ఇష్టం."

చప్పట్లు ఆగిపోయాయి. ఇంత దూరం వచ్చి ఇదా అన్నట్టు రొంబౌట్ ఆమె వైపు చూశాడు. టాన్నెకె తలవంచలేదు గానీ, రేకు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

కర్నల్ అక్కడే రేకు అందుకుని వెళ్ళిపోవచ్చు. పోలేదు. నవ్విన జనం చూస్తుండగానే ఆ పని చెయ్యాలనుకున్నాడు. రేకును నౌకరు చేత మోయించుకుని కొట్టు దాకా నడిచాడు, గుంపు వెంట నడిచింది. రేకును ఆమె బల్ల మీదే పెట్టించి, ఆమె గీకుడు కత్తినే తీసుకుని, రెండు చేతులతో ఎత్తి, పై మూలనుంచి కింది దాకా ఈడ్చాడు. రాగి కీచుమంది. మళ్ళీ ఈడ్చాడు, అడ్డంగా. మళ్ళీ. ఆకాశం మీదుగా, ఈటెల మీదుగా, నీళ్ళ మీదుగా. ముసలి చేతుల్లో అంత బలం ఉందని ఎవరూ అనుకోలేదు. రొంబౌట్ ముందుకు ఉరకబోతే టాన్నెకె అతని ఖాళీ చొక్కా చేతిని పట్టి ఆపింది. మొగుడి భుజం మీదుగా కత్తి పోవడం ఆమె కళ్ళారా చూసింది. కళ్ళు తిప్పుకోలేదు.

కర్నల్ రొప్పుతూ కత్తి పారేసి, రేకును ఎత్తి ఆమె కాళ్ళ దగ్గర విసిరాడు. అది నేల మీద గంటలా మోగింది.

"ఇదిగో నీ కూలి. గిన్నె చేయించుకో!"

టాన్నెకె వంగలేదు. "ఇది నాకేనా దొరగారూ?" అంది, వీధి చివరిదాకా వినబడేలా.

"నీకే! ఈ తుక్కు నాకెందుకు?"

ఆమె తలుపు వైపు తిరిగింది. "అందరూ విన్నారా?"

"విన్నాం!" అంది వీధి.

కర్నల్‌కి ఆ మాటలో ఉన్న మతలబు అప్పుడు తెలియలేదు. చేతొడుగులు దులుపుకుని గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.

గెర్లోఫ్ వంగి రేకు ఎత్తాడు. గీట్ల పక్కన లేచిన, సిరా బాగా పట్టే రాగి పొట్టును బొటనవేలితో తాకి చూశాడు. దాన్ని బొగ్గుల పెట్టె మీద పెట్టి వేడిచేశాడు. సిరా గుడ్డ తీసుకున్నాడు.

"కాగితం తడుపు అక్కా" అన్నాడు.

"గెర్లోఫ్, పిల్లలున్నారన్నావు."

"ఉన్నారు. వాళ్ళు పెద్దయ్యాక ఈ బొమ్మ ఏదని అడుగుతారు." సిరా అద్దుతూ, గుడ్డతో తుడుస్తూ, అరచేత్తో చివరి మెరుగు పెడుతూ తల ఎత్తకుండా అన్నాడు. "లే రొంబౌట్. ఇవాళ చక్రం నేను తిప్పుతాను."

కాగితం ఎత్తేసరికి ముగ్గురూ దగ్గరగా వచ్చారు. టాన్నెకె సూదితో గీసిన సన్నటి గీతల మీదుగా కర్నల్ గీట్లు మఖమల్ లాంటి నలుపులో పడ్డాయి. అంత లోతైన నలుపు ఆమె జన్మలో ఏ ఆమ్లంతోనూ తీసుకురాలేదు. యెల్లె భుజం మీద ఒకటి పడింది. అయినా అతని చెయ్యి పైకే ఉంది, చక్రాన్ని పట్టుకునే ఉంది. ఆమె మరో కాగితం తడిపి అందించి, "ఇంకోటి లాగు" అంది.

కిటికీలో పాత బొమ్మ తీసేసి ఇది పెట్టారు. జనం మళ్ళీ వచ్చారు. "ఈ నల్ల గీట్లేంటి?" అని అడిగినవాళ్ళందరికీ గెర్లోఫే గుమ్మంలో నిలబడి జవాబిచ్చాడు, ఇన్నేళ్ళూ వీధిలో గొంతు పెంచి ఎరగని గెర్లోఫ్.

"అవి కర్నల్‌గారు స్వయంగా వేసిన దెబ్బలండీ! క్రావెన్‌వీర్ యుద్ధం మొత్తంలో ఆయన కత్తి దూసింది ఈ ఒక్కసారే!"

రెండు వారాలు తిరక్కుండా ఆ మాట హేగ్ దాకా పోయింది. కర్నల్ మనిషి వచ్చి ఉన్న బొమ్మలన్నీ కట్టకట్టి ఇమ్మన్నాడు. "తీసుకుపొండి బాబూ" అన్నాడు గెర్లోఫ్ మర్యాదగా. "ఎల్లుండి మళ్ళీ రండి, ఇంకో కట్ట ఆరుతుంది. రాగి మాదేగా."

కోట పెత్తనం కర్నల్‌కే దక్కింది. పెద్దమనుషులు బొమ్మలు చూసి పదవులివ్వరు, వంశాలు చూసి ఇస్తారు. ఆ కబురు తెలిసిన రోజున రొంబౌట్ కోపంతో తన బీరు ముంత నేలకేసి కొట్టాడు. కానీ ఆ కోటలో కాపలా గది గోడకి ఎవరో ఆ బొమ్మ అంటించారని, కర్నల్ చింపించాడని, మర్నాటికి ఇంకోటి వెలిసిందని దారినపోయే సిపాయిలు చెప్పారు. ఎవరు అంటిస్తున్నారో ఆయనకు చివరిదాకా తెలియలేదట.

చలి ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, చెక్క బూట్లకు మంచు అంటించుకుని ఒకావిడ కొట్టులోకి వచ్చింది. చంకలో మడత పెట్టిన బొమ్మ. దాన్ని బల్ల మీద పరిచి, గట్టు మీద రెండో వరసలో పడివున్న మనిషిని చూపించింది.

"ఈయన మావారే కదమ్మా? మా ఊరి సిపాయి ఒకతను చెప్పాడు."

"ఏ ఊరు మీది?"

"జీరిక్‌జే. ఆయన పేరు లీవెన్."

టాన్నెకె తల ఊపింది. "ఆయనే. పాటలు పాడేవాడు, ఒక్కటీ శ్రుతిలో ఉండేది కాదు."

ఆవిడ నవ్వింది, నవ్వుతూనే శాలువా అంచు కంటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ముక్కు చీదుకుని నిటారుగా నిలబడింది. "అంతా బాగానే ఉంది. కానీ మావారికి గడ్డం ఉండేది. ఇక్కడిదాకా. మీరు నున్నగా గీసేశారు."

గెర్లోఫ్ అక్కవైపు భయంగా చూశాడు. తన గీతకు ఎవరైనా వంక పెడితే ఆమె ఊరుకునే రకం కాదు.

"గడ్డం ఏ రంగు?" అంది టాన్నెకె.

"ఎర్రటిది. గుబురుగా ఉండేది, దువ్వెన దిగేది కాదు."

టాన్నెకె కొత్త రాగిరేకు ఒకటి అరలోంచి దించి, ఆవిడకు పీట జరిపింది. "కూర్చోండి అక్కయ్యా. నీళ్ళలో ఉన్నవాళ్ళ ముఖాలన్నీ సరిగ్గా వచ్చాయి గానీ, గట్టు మీదివాళ్ళలో సగంమందివి మిగిలిపోయాయి. ముక్కు ఎలా ఉండేదో కూడా చెప్పండి."

ఆవిడ చేతులు నిప్పుల మీద కాచుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. రొంబౌట్ మైనం కరిగించడానికి లేచాడు.